గోగు నానిన గెడ్డ, తేరిన నీళ్ళు

ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగమంటే కుర్చీ, బల్ల, నెత్తిమీద ఫ్యాను అనుకునేవాణ్ణి. అరవైల చివర్లో నాకు దొరికింది మాత్రం సీసాల ఉద్యోగం. చీపురుపల్లికి కాస్త దూరంలో, మా మేనమామ ఊరి పక్కనుంచి పారే గెడ్డలో వారం వారం ఒకే చోట దిగి, సీసాలో నీళ్ళు పట్టి, రైల్లో విశాఖపట్నం లేబొరేటరీకి పంపాలి. ఏళ్ళ తరబడి అలా చూస్తూ పోతేనే గెడ్డ ఆరోగ్యం ఎలా మారుతోందో తెలుస్తుందని మా కెమిస్టు గారు చెప్పారు. (గెడ్డకి ఆరోగ్యమేమిటండీ అని అడగబోయి, నాది టెంపరరీ ఉద్యోగమని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.) ఊళ్ళో నాకు ‘సీసాల బాబు’ అని పేరు పడిపోయింది.

మకాం మామయ్య ఇంట్లోనే. ఆయన కూతుర్ని నాకివ్వాలని మా చిన్నప్పుడే పెద్దవాళ్ళు అనుకున్నారు. అయితే మామయ్య గట్టి మనిషి. ముందు ఉద్యోగం పర్మనెంటు కావాలి, ఆ తరవాతే పెళ్ళి మాట అని నేను పెట్టె దించిన రోజే చెప్పేశాడు. నాకంటే ముందు ఈ పని చేసినవాడు గెడ్డ దాకా నడవలేక హోటలు కుళాయి నీళ్ళు పట్టి పంపి, దొరికిపోయి ఇంటిదారి పట్టాడట. అది విన్నప్పటినుంచీ నాకు సీసా చూస్తేనే ఉద్యోగం గుర్తొచ్చి భయమేసేది. దీనికి తోడు మరదలు నాతో మాట్లాడేదే కాదు. నేను వసారాలోకి వస్తే తను దొడ్లోకి పోయేది. ఉద్యోగం పర్మనెంటైనా ఆ పిల్ల ఒప్పుకుంటుందో లేదోనని మరో దిగులు. ఎవర్ని అడగను?

వానలు తగ్గాక గోగు కోతలొచ్చాయి. నార ఊడిరావడానికి ఊరివాళ్ళందరూ గోగు కట్టలు తెచ్చి గెడ్డలో నానేశారు. (అందరికంటే పెద్ద కట్టలు మామయ్యవే.) నీళ్ళు నల్లగా మారి, ఆ కంపుకి దారినపోయే ఎడ్లు కూడా మొహం తిప్పుకునేవి. నేను మాత్రం ముక్కుకి తువ్వాలు బిగించి, మోకాళ్ళ లోతుకి దిగి సీసా నింపేవాణ్ణి. సాయంత్రం తడి గోనెగుడ్డ చుట్టి వసారాలో చల్లటి మూల పెట్టి, పొద్దున్నే అలాగే తీసుకెళ్ళి రైలెక్కించేవాణ్ణి. ఇంత చక్కగా చెడిపోయిన నీళ్ళు ఇంకెవరు పంపుతారని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

అలాంటప్పుడు ఆఫీసు ప్యూను రైలు దిగి చల్లగా కబురు చెప్పాడు. గోగు కాలంలో మీ గెడ్డ నీళ్ళు మా లేబొరేటరీ కుళాయి నీళ్ళకంటే శుభ్రంగా ఉన్నాయట, ఆ వింత చూడ్డానికి కెమిస్టు గారే వస్తున్నారట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. హోటలు కుళాయివాడి పక్కన నా పేరూ చేరిపోయిందనుకున్నాను. ఆయన వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. “ఏటిరా అల్లుడా, దొరగారొస్తే రానీ. నువ్వేటి దొంగతనం సేసినావా?” అన్నాడు మామయ్య. చెయ్యలేదని నాకు తెలుసు. చెయ్యలేదని చూపించడం ఎలాగో తెలియక కదా ఆ దిగులు.

కెమిస్టు గారు గట్టు మీద నిలబడి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకొని, ఆ నల్లటి నీళ్ళని చాలాసేపు చూశారు. “ఇవేనా నువ్వు పంపినవి?” అన్నారు. ఇవేనండీ అన్నాను. మరి అబద్ధాలు వద్దని, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదని ఆయన అంటూండగానే, దొరగారి కోసం కొబ్బరిబోండాలు తెచ్చిన మరదలు వాటిని అక్కడే దింపేసి ముందుకొచ్చింది.

“బావది తప్పు కాదండి. ఆ నీళ్ళు నేను మార్సినానండి. ఇంటికొచ్చినోళ్ళకి మురికినీళ్ళిస్తేనే మాటొస్తాది, సర్కారుకి నల్లనీళ్ళు అంపితే రాదేటండి? అందుకే సీసా కడిగేసి, మడ్డి అడుక్కి దిగేలాగ సిల్లగింజ అరగదీసి తేర్సిన మా నూతి నీళ్ళు పోసినాను.” అక్కడ ఆగితే సరిపోయేది. “బావ ఉజ్జోగం పోతే నాన్న మరి మా పెళ్ళి సెయ్యడండి” అని కూడా అనేసి, తండ్రి వైపు చూసి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామయ్య తన గోగు కట్టలు లెక్కపెడుతున్నట్టు గెడ్డలోకి చూస్తూ ఉండిపోయాడు. కెమిస్టు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “అమ్మా, మాకు మంచినీళ్ళు అక్కర్లేదు. గెడ్డ ఎంత నల్లగా ఉంటే అంత నల్లగా పంపడమే మీ బావ పని” అని, నా వైపు తిరిగి, తన ఎదుటే సీసా నింపమన్నారు.

దిగాను. గాలిబుడగ ఒక్కటి కూడా మిగలకుండా సీసా నిండాలి, లేకపోతే ఆ నీళ్ళు పనికిరావు. కళ్ళు మూసుకుని చెయ్యగలిగిన పని, ఆ రోజు ఎన్నిసార్లు ముంచినా బుడగలే. గోగు కంపులో మోకాళ్ళ లోతున నిలబడి వణుకుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఈ ముసలితనంలో జాలీ, నవ్వూ ఒకేసారి వస్తాయి. ఉద్యోగం నిలబడిందని వాడికప్పటికే తెలుసు. చేతులు వణుకుతున్నది దాని గురించి కాదని గట్టు మీద ఉన్న కెమిస్టు గారికి కూడా తెలిసిపోయినట్టుంది. “నెమ్మదిగా పట్టవోయ్, ఆ అమ్మాయి ఎక్కడికీ పోదు” అన్నారు.