జల్లెడ వెనక గొంతు

మా తాత ఒంట్లో విరగని ఎముకలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. విచిత్రమేమిటంటే విరిగినవాటిలో ఒక్కటి కూడా పని దగ్గర విరిగింది కాదు. ఆయన పని పాత లారీలు, బస్సులు, కార్లు సమ్మెటతో పగలగొట్టి ఇనుము ఇనుముగా, రాగి రాగిగా విడదీయడం. నలభై ఏళ్లు ఆ పని చేసి ఒంటి మీద చిన్న గీత కూడా పడనివ్వని మనిషి, ఆదివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లి పక్కటెముకలు విరగ్గొట్టుకుని వచ్చేవాడు. ముక్కు వంకర ఒక ఆఫ్‌సైడ్ గొడవలో వచ్చింది. ముందు పళ్లు రెండూ ఒకే కార్నర్ దగ్గర పోయాయి. ఎడమ మోకాలు మాత్రం మా జట్టు గెలిచిన రోజు విరిగింది, సంతోషం పట్టలేక కంచె మీంచి దూకాడు. "ఆ ఒక్కదానికే నేను జాలిపడ్డాను. మిగతావాటికి కాపడం కూడా పెట్టలేదు" అంటుంది మా నానమ్మ.

సమ్మెట మోత ఆయన చెవులు తినేసింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే ఏదో సగం వినపడుతుంది. తనకి వినపడదు కాబట్టి లోకంలో ఎవరికీ వినపడదని ఆయన గట్టి నమ్మకం. ఇంట్లో మంచినీళ్లు అడిగితే పక్క వీధిలో కుక్కలు మొరుగుతాయి. ఇక ఆ గొంతు మైదానంలో తొంభై నిమిషాలు ఆడిందంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా తుక్కు యార్డుకీ మైదానానికీ మధ్య ఒక్కటే గోడ. అది తన అదృష్టమని తాత, తన ఖర్మ అని నానమ్మ అనుకునేవారు. మ్యాచ్ ఉన్న రోజు తాత ఒక ఇనప స్టూలు చంకన పెట్టుకుని వెళ్లి మా గోలీ, అంటే గోల్‌కీపర్ వెనక, కంచెకి ఆనించి వేసుకునేవాడు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి కదా, మా పేటవాళ్లు కూడా మారతారు. స్టూలు చంకన పెట్టుకుని తాత ముందు, ఆయన వెనక మా పక్క షెడ్డు వెల్డరు, అతని వెనక యాభై అరవై మంది, చావు ఊరేగింపులా మైదానం చుట్టూ నడిచి అటు గోల్ వెనకకి చేరేవారు. మా జట్టు ఆట చూస్తే చావు ఊరేగింపు అన్న మాట తప్పు కాదు.

కోచ్ మీద తాత అభిప్రాయాలు మర్యాదగా రాయాలంటే చాలా వదిలేయాలి. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను కాబట్టి మర్యాద నాకూ సగమే వచ్చు. అయినా ప్రయత్నిస్తాను. "ఇనుము చూసి సమ్మెట ఎంచుకోవాలే. వీడు గాజు మీదా అదే, గడ్డర్ మీదా అదే" అనేవాడు. అంటే ఎదుటి జట్టు ఎవరైనా కోచ్ మాత్రం అయిదుగురిని వెనకే నిలబెట్టి, ముందు ఒక్కణ్ణి వదిలేస్తాడని అర్థం. ముందు వదిలేసినవాడికి తాత పెట్టిన పేరు పెళ్లికొడుకు. "బంతి పల్లకీలో పెట్టుకుని వాడి దగ్గరికి తీసుకెళ్లాలి. అప్పుడు కూడా కాలు కదపాలా వద్దా అని పెద్దల్ని అడుగుతాడు." వెనకున్న బండ మనిషి పేరు బీరువా, ఎందుకంటే అతన్ని ఇటు నుంచి అటు తిప్పాలంటే నలుగురు పట్టాలి. పరిగెత్తగలిగినవాడు జట్టులో ఒక్కడే, కుందేలు. కోచ్ అతన్ని ఎక్కువగా బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. "బండికి చక్రాలు అరిగిపోతాయని గదిలో దాచుకున్నాడు చవట" అనేవాడు తాత.

గోలీ పేరు జల్లెడ. ఎక్కడి నుంచో ఆ ఏడే వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ చలేస్తున్నట్టు నిలబడేవాడు. తాత స్టూలుకీ అతని వీపుకీ మధ్య పది అడుగులే. పాపం, జల్లెడ తిన్నన్ని తిట్లు ఏ మనిషీ తిని ఉండడు.

"ఎడమకి పడి చావరా జల్లెడా!"

"బయటికి రారా! నిన్ను గీత మీద మేకులు కొట్టి నిలబెట్టారా?"

"బంతి వైపు కాదురా దరిద్రుడా, ఆ పొట్టోడి మోకాలు చూడు!"

ప్రతి తిట్టు చివరా ఒకే మాట: "ఇంకో గోల్ తిన్నావంటే నీ రెండు చేతులూ నా దిమ్మ మీద పెట్టి విరగ్గొడతా!" దిమ్మ అంటే మా యార్డు మధ్యలో ఉన్న ఇనప దిమ్మ. దాని మీద పెట్టి సమ్మెటతో కొడితే ఇంజన్లే రెండు ముక్కలవుతాయి. ఆ మాట పేటకి ఎంత నచ్చిందంటే, జల్లెడ దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా అరవై గొంతులు ఒక్కసారిగా "దిమ్మ మీద పెట్టు! దిమ్మ మీద పెట్టు!" అని అరిచేవి. అందరికంటే గట్టిగా అరిచేది వెల్డరు. తాత నోట్లోంచి వచ్చింది అతనికి వేదం. ఒకసారి పెనాల్టీ ఇవ్వని రిఫరీ స్కూటరు బయట కనపడితే, "దాని పని చూడాలిరా" అని తాత ఊరికే అన్నాడు. వెల్డరు వెళ్లి అయిదు నిమిషాల్లో దాని హ్యాండిల్ కోసి తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఏడాది చివరి మ్యాచ్. ఓడితే కింది లీగ్‌లోకి పడిపోతాం, డ్రా అయినా చాలు. మొదటి సగంలో జల్లెడ నాలుగు బంతులు ఆపాడు. ఒకటి ఎడమకి పడి, రెండు బయటికి వచ్చి, ఒకటి పొట్టోడి మోకాలు చూసి. గోల్స్ లేవు. తాత గొంతు బొంగురుపోయింది కానీ మొహం వెలిగిపోతోంది.

విరామంలో కోచ్ కుందేల్ని బయటికి లాగి ఇంకో బీరువాని లోపలికి పంపుతున్నాడని కబురొచ్చింది. తాత కంచె పట్టుకుని ఊపేశాడు.

"ఒరేయ్ కోచ్! ఉన్న ఒక్క చక్రం పీకేస్తావురా?"

కోచ్ కంచె దగ్గరికి వచ్చాడు. అదీ తిన్నగా తాత కుడి చెవి వైపు. "నీకు వినపడదు సరే, కనపడదు కూడానా ముసలాడా? వెళ్లి నీ తుక్కు చూసుకో" అన్నాడు.

తాత కంచె ఎక్కాడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, వంకర మోకాలు. ఆపే లోపే అటు దిగి, కోచ్ చొక్కా రెండు చేతులా పట్టుకుని, తన నుదురుతో అతని ముక్కు మీద కొట్టాడు. టక్ మన్న చప్పుడు నాకు వినపడింది. కోచ్ తెల్ల చొక్కా బొడ్డు దాకా ఎర్రగా అయింది. పోలీసులు నలుగురు వచ్చి తాతని కింద పడేసి, బూట్లతో, కర్రలతో కుమ్మి, కాళ్లు పట్టుకుని గేటు దాకా ఈడ్చి బయట పారేసి తాళం వేశారు. ఈడుస్తున్నంత సేపూ ఆయన నోరు ఆగలేదు. "కుందేల్ని ఆడించరా!" అంటూనే పోయాడు.

నేను వెంట వెళ్లబోతే, "నువ్వుండవే! ఏమైందో చెప్పు తర్వాత" అని గేటు సందులోంచి అరిచాడు. ఉండిపోయాను.

రెండో సగంలో అందరం అటువైపు నడిచాం. ముందు స్టూలు లేదు. కొట్లాట చూసి బెదిరిపోయారో, తాత లేక దిక్కు తెలియలేదో గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. జల్లెడ మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. స్టూలు ఉండాల్సిన చోట చూసి, మళ్లీ ముందుకి తిరిగాడు. ఎందుకు చూస్తున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎనభయ్యో నిమిషంలో గీత మీదే నిలబడి ఒకటి తిన్నాడు. తర్వాత నాలుగు నిమిషాలకి కుడికి పడి, ఎడమ వైపు రెండోది తిన్నాడు.

విజిల్ వేయగానే కంచె కూలింది. పెళ్లికొడుకు తల మీద ఇటుక పడింది. బీరువాని కింద పడేసి తొక్కుతుంటే అతను నిజంగానే తిరగలేకపోయాడు. అది చూసి నాకు నవ్వు రాలేదు. గోల్ వలలు తగలబడుతున్నాయి. వెల్డరు చేతిలో కంచె ఊచ ఉంది. "వాడెక్కడ? దిమ్మ మీద పెట్టాలి!" అని అరుస్తున్నాడు. ఈసారి అది పాటలా లేదు. జల్లెడ మైదానం అడ్డంగా పరిగెత్తి మా గోడ ఎక్కడం చూశాను. చెప్పులు వదిలేసి వీధి చుట్టూ పరుగెత్తాను.

యార్డులో తాత నుదుట గుడ్డ కట్టుకుని, కోపం తీర్చుకోవడానికి ఒక కారు తలుపుని సమ్మెటతో బాదుతున్నాడు. ఆయన ఎదురుగా, పాత బస్సు పక్కన, గోడ మీంచి రేకుల మీద పడి మోచేతి దగ్గర చీరుకుపోయిన జల్లెడ నిలబడి ఉన్నాడు. తాత అప్పుడే తల ఎత్తి చూశాడు.

"ఎంత?" అన్నాడు.

"రెండు" అని వేళ్లు చూపించాడు జల్లెడ.

తాత సమ్మెట భుజం మీద పెట్టుకుని అతని వైపు నడిచాడు. నేను మధ్యలోకి దూరాను. జల్లెడ ఏడుస్తూ ఏదో అంటున్నాడు, తాతకి ఒక్క ముక్క వినపడడం లేదు. "ఏమంటాడే వీడు?" అన్నాడు. నేను కుడి చెవి పట్టుకుని అరిచాను.

"నువ్వు చెప్పినట్టు పడితే ఆగుతోందట! కోచ్ చెప్పినట్టు నిలబడితే గోల్ అవుతోందట! ఏడాదంతా నీ తిట్లు వినే ఆడాడట! ఇవాళ రెండో సగం వెనక నువ్వు లేవట!"

తాత సమ్మెట దించాడు.

గేటు విరిగిన చప్పుడు మాత్రం ఆయనకి కూడా తెలిసింది, నేల అదిరింది. నలభై మంది దాకా లోపలికి వచ్చారు. తుక్కు యార్డు కదా, దారిలో ఎవరి చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నారు, ఊచలు, గొట్టాలు, యాక్సిల్ ముక్కలు. నానమ్మ వంటింటి గుమ్మంలోంచి వేడినీళ్ల గిన్నె విసిరితే ముందున్నవాడి కాలు కాలింది. వాడు గొట్టంతో కొడితే నానమ్మ భుజం మీద తగిలి కూలబడింది. తాత వాడి దవడ మీద ఒక్కటి పెట్టాడు. వాడు రేకుల మీద పడి, గొడవ అయ్యేదాకా లేవలేదు.

"అడ్డు లే బాబాయ్" అన్నాడు వెల్డరు. "వాణ్ణి ఇటివ్వు. దిమ్మ ఇక్కడే ఉంది."

ఈ మాట నేను చెవిలో అరవక్కర్లేకపోయింది. ఊచ ఎటు చూపిస్తోందో తాత చూశాడు.

"నేను తిట్టుకుంటాను రా. మధ్యలో నువ్వెవడివి?"

"నువ్వే కదా అన్నావు! ఏడాదంతా అన్నావు, చేతులు విరగ్గొడతానని! మేం అరిచాం! ఉత్తినే అరిచామా?"

తాత నా వైపు చూశాడు. నేను చెప్పాను. ఆయన సమ్మెట వెల్డరు చేతిలో పెట్టాడు. మోకాలు ఈడ్చుకుంటూ వెళ్లి, తన ఎడమ చేయి దిమ్మ మీద పరిచాడు.

"అన్నది నేను. ఆ రెండు గోల్స్ వాడు తినలేదు, నేను తిన్నాను. కోచ్ ముక్కు కోసం వాడి వెనక చోటు ఖాళీ చేశాను. ఎవరో ఒకరి చేయి విరగాలిగా. కొట్టు."

వెల్డరు కొట్టడని అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో టీ తాగిన మనిషి. తాత నోట్లోంచి వచ్చిందల్లా చేసే మనిషి అన్న సంగతి నేనే మర్చిపోయాను.

కొట్టాడు.

ఆ చప్పుడు ఎలా ఉందో నేను రాయను. తాత అరవలేదు. అరవడమే బతుకైన మనిషి అప్పుడు అరవలేదు. చిటికెన వేలు, దాని పక్క వేలు నుజ్జయ్యాయి. వెల్డరు సమ్మెట వదిలేసి, తను చేసింది చూసి, పసిపిల్లాడిలా గొల్లుమన్నాడు. వెనకున్నవాళ్లు చేతుల్లో ఇనుము ఎక్కడివక్కడ పడేసి ఒక్కొక్కరే జారుకున్నారు. తాతని వెల్డరు, జల్లెడ చెరోవైపు పట్టుకుని ఆసుపత్రికి మోశారు. దారి పొడవునా తాత జల్లెడని తిడుతూనే ఉన్నాడు, రెండో గోల్‌కి ఎటు పడ్డావురా, కుడికా, నీ మొహం మండ అని. నేను నానమ్మ భుజానికి కట్టు కట్టించుకొచ్చాను. ఆవిడ నెల రోజులు తాతతో మాట్లాడలేదు. ఆయనకి ఆ సంగతి తెలిసింది మాత్రం మూడో వారంలో.

ఇప్పుడు మేం కింది లీగ్‌లో ఆడుతున్నాం. తాతకీ వెల్డరుకీ బతికినంతకాలం మైదానంలోకి రావద్దని కాగితం ఇచ్చారు. కోచ్ మారాడు. కొత్తవాడు కూడా కుందేల్ని బెంచీ మీదే కూర్చోబెడుతున్నాడు. వెల్డరు మా యార్డులో పాత బస్సు పైకి నిచ్చెన అతికించి, పైన చుట్టూ పట్టుకోడానికి కమ్మీ పెట్టి, తాత స్టూలు దానికి బిగించాడు. అక్కడ కూర్చుంటే గోడ అవతల ఉన్నట్టే, గోల్ వెనక ఉన్నట్టే. జల్లెడ ఇటువైపు ఉన్న సగంలో ఈ ఏడాది ఒక్క గోల్ తినలేదు.

అటువైపు సగానికి ఎవరో ఒకరు కావాలి కదా. ఎక్కాలు పన్నెండు దాటి రాలేదు కానీ, తాత తిట్లన్నీ నాకు కంఠతా వచ్చు. మొదటి మ్యాచ్ రోజు కంచె పట్టుకుని, ఊపిరి బిగబట్టి, "ఎడమకి పడి చావరా జల్లెడా!" అని అరిచాను. పాపం, నమ్మి ఎడమకి పడ్డాడు. బంతి కుడికి పోయింది.

మైదానం అవతలి చివర, బస్సు పైన, మూడు వేళ్ల చేయి ఒకటి గాల్లోకి లేచింది. దాని వెనకే ఆ గొంతు వచ్చింది. మ్యాచ్ ఆగిపోయి, రెండు జట్లూ, రిఫరీ కూడా నా వైపు తిరిగి చూశారు. ఆ రోజే తాత నాకూ ఒక పేరు పెట్టాడు. పేటంతా ఇప్పుడు అదే పేరుతో పిలుస్తోంది. అదేమిటో మాత్రం మీకు చెప్పను.