బోణీ బేరానికి అమ్మిన ట్రైపాడ్

2022 శరదృతువులో ఐర్లండ్ మొత్తంలో అతి చౌకగా ట్రైపాడ్లు కొన్న మనిషిని నేనే. మూతపడుతున్న ఒక కెమెరా షాపు నుంచి ఇరవై నాలుగు, ఒక్కోటి పది యూరోలకి. షాపాయన ఇరవై అన్నాడు. నేను నవ్వి గుమ్మం వైపు నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. గుమ్మం దాటకముందే పదికి పిలిచాడు. చీరాలలో మా బట్టల కొట్టుకి సరుకు కొనేటప్పుడు నాన్న వీధి చివరిదాకా నడిచేవారు; నాకు అంత దూరం అవసరం రాలేదు. ఆ ట్రైపాడ్లకి కెమెరా పెట్టే పళ్లెం ఊడదీసి, దాని చోట తుపాకీ ఆనడానికి నాలుగు యూరోల రబ్బరు పంగ బిగించాను. కాళ్లకి అడవి రంగు టేపు చుట్టాను. 'షూటింగ్ ట్రైపాడ్' అని చీటీ అంటించి నూట పది యూరోలు ధర వేశాను. ఇంత తెలివైన పని నేను అంతకుముందు చేయలేదు.

అప్పటికి అథ్లోన్ ఊరి బయట ఒక వేట సామాన్ల షాపులో నేను చేరి మూడేళ్లు. మా ఆయన ఫార్మా కంపెనీలో పని చేస్తారు. నేను ఇంట్లో కూర్చుని గోడలతో బేరాలాడలేక ఈ కౌంటర్ వెనక్కి చేరాను. తుపాకులు అమ్మేది యజమాని డెక్లన్; ఆ లైసెన్సు ఆయనది, ఆ బీరువా తాళాలు ఆయనవి. బూట్లు, బైనాక్యులర్లు, కోట్లు, ట్రైపాడ్లు నావి. ఈ దేశంలో కొనడానికి వచ్చినవాళ్లు చీటీ మీద ధర చూసి, నోరెత్తకుండా కార్డు తీస్తారు. మొదటి నెల నాకు అన్నం సయించలేదు.

జింకల్ని కొట్టేవాళ్లకి ట్రైపాడ్ ఎందుకో చెప్పాలి. ఇక్కడ జింకలు బాగా పెరిగిపోయి లేత చెట్ల బెరడు, పైర్లు తినేస్తాయి. వాటి సంఖ్య తగ్గించడానికి లైసెన్సు ఉన్నవాళ్లు సీజన్లో కొడతారు. ఒక్క గుండుతో, అక్కడికక్కడే ప్రాణం పోవాలన్నది వాళ్ల నియమం. అందుకు తుపాకీ కదలకూడదు. జింకకి గుండె ఉన్న చోటు మనిషి అరచేతికంటే కాస్త పెద్దది. గొట్టం చివర నువ్వుగింజంత కదిలితే ఎనభై గజాల అవతల అది జానెడవుతుంది.

ఆ నవంబరులో ఒక సోమవారం, షాపు తలుపు తెరిచిన పది నిమిషాలకి మార్టిన్ వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ల రైతు, పొడుగు మనిషి, బూట్లకి ఎప్పుడూ పేడ. ఆడ జింకల సీజన్ మొదలై వారం కాలేదు. ఆరేళ్ల క్రితం ఆయన అయిదెకరాల్లో ఓక్ మొక్కలు వేశాడు. వాటి బెరడు జింకలు చీరేస్తున్నాయట.

"డెక్లన్ చెప్పిన లావు కాళ్లది వచ్చిందా అమ్మాయ్?" అన్నాడు.

"గురువారం వస్తుంది."

"గ్రాండ్. గురువారమే వస్తాను."

అని తలుపు వైపు తిరిగాడు. అక్కడితో ఆ కథ అయిపోవాల్సింది. కానీ అది ఆ రోజు మొదటి బేరం. మొదటి మనిషి వట్టి చేతులతో పోతే ఆ రోజంతా గల్లా పెట్టె వట్టిదే అని విని పెరిగినదాన్ని. పైగా రోజూ ఆ వేళకి చీరాల నుంచి వాట్సాప్‌లో నాన్న ఒకే ప్రశ్న: "బోణీ అయిందా?" లేదు అని రాయడం నాకు చేతకాదు.

"గురువారం దాకా జింకలు ఆగుతాయా?" అన్నాను.

ఆయన ఆగాడు. జింకలు ఆగకపోయినా ఆయన ఆగాడు.

నా ట్రైపాడ్ తెచ్చి నేల మీద నిలబెట్టాను. కాళ్ల పై భాగాలు మాత్రమే లాగి, మిగతా ఎత్తుకి మధ్యలో ఉండే కడ్డీని, అంటే సెంటర్ కాలమ్‌ని, పైకి తిప్పాను. అరచేతితో నొక్కి చూపించాను. కదల్లేదు. చదునైన చెక్క నేల మీద మూడు కాళ్లది ఏదైనా కదలదు, మా అత్తగారి పీటతో సహా. "ఎనిమిది కిలోల లోడ్ రేటింగ్," అన్నాను గంభీరంగా. అంటే ఎంత బరువు మోస్తుందన్న లెక్క. తుపాకీ నాలుగున్నర కిలోలు. నేను చెప్పనిది, అప్పటికి నాకు తెలిసీ తెలియనిది ఏమిటంటే, ఆ లెక్క నిలువుగా కూర్చున్న బరువుకి. తుపాకీ పట్టుకున్న మనిషి దాని మీదకి వాలతాడు, ముందుకి తోస్తాడు. అప్పుడు పైకి లేపిన సెంటర్ కాలమ్ గాలిలో వెదురు బొంగే.

మార్టిన్ కాసేపు చూశాడు. తర్వాత కుడి చెయ్యి కౌంటర్ మీద చాపాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"రెండేళ్లుగా ఇదీ వరస. డాక్టర్ ప్రమాదం లేదంటాడు. నలభై ఏళ్లలో ఒక్క జింక కూడా గాయంతో నా దగ్గర్నుంచి పారిపోలేదు అమ్మాయ్. పారిపోయిన రోజు తుపాకీ గార్డులకి ఇచ్చేస్తాను. అందుకే మంచిది అడుగుతున్నాను." గార్డులంటే ఇక్కడి పోలీసులు.

ఒక మనిషి నీ ముందు చెయ్యి చాపి తన భయం చూపిస్తే ఏం చేయాలి? నేను దాన్ని బేరంలోకి లాగాను. "అందుకే చెప్తున్నాను. మూడు రోజులు ఆనుడు లేకుండా ఈ చేత్తో వెళ్తారా?"

ఆ మాట తగిలింది. తగిలిందని చూశాను కూడా. ఆయన పశువుల సంతల్లో పండిన మనిషి. వెంటనే బేరంలోకి దిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"డెబ్భై."

"వంద. ఆ టేపే పది యూరోలు."

"టేపు నువ్వే ఉంచుకో."

ఆ మాట ఆయన వట్టినే అన్నాడు. నేను అప్పుడే టేపు పీకి ఇచ్చి ఉంటే ఇప్పుడు ఇది రాసే పని ఉండేది కాదు. ఎనభై అయిదుకి తెగింది. డబ్బు ఇచ్చి ఆయన చెయ్యి చాపే ఉంచాడు.

"లక్ పెన్నీ ఏదీ?"

ఇక్కడి సంతల్లో అమ్మినవాడు కొన్నవాడికి శుభానికని కొంత వెనక్కి ఇస్తాడు. నాకు బోణీ ఎలాగో ఆయనకి అది అలాగ. అయిదు యూరోల నోటు ఇచ్చాను. ఇద్దరం నవ్వుకున్నాం. నాన్నకి 'బోణీ అయింది' అని పెట్టాను.

గురువారం మధ్యాహ్నం లావు కాళ్ల ట్రైపాడ్ వచ్చింది. సెంటర్ కాలమే లేదు. కాళ్లు నా మణికట్టంత, కొసలకి మట్టిలో దిగే ఇనుప ముళ్లు. రెండింటినీ చేత పట్టిన వాళ్లకి తేడా చీటీ చదివి తెలుసుకోనక్కర్లేదు. మార్చి ఇద్దామని మార్టిన్‌కి ఫోన్ చేశాను.

"అడవిలో ఉన్నాను. వెతుకుతున్నాను," అన్నాడు.

మంగళవారం పొద్దున్న ఒక ఆడ జింకని కొట్టాడట. పడలేదట. డెక్లన్‌కి చెప్పి బయల్దేరాను.

మార్టిన్ పొలం గేటు దగ్గర ఆయనా, ఆయన ముసలి లాబ్రడార్ కుక్క బెస్సూ ఉన్నారు. మూడు రోజుల గడ్డం, తడిసిన కోటు. జరిగింది నాలుగు మాటల్లో చెప్పాడు. "నిలబడి ఉంది. ఊపిరి బిగబట్టాను. ట్రిగ్గర్ లాగే క్షణంలో గొట్టం కుంగింది. జింక తల విసిరింది, పరిగెత్తింది. ఆకుల మీద రక్తం, పళ్ల ముక్కలు. దవడకి తగిలింది." చేతిని జేబులో పెట్టుకున్నాడు. "నా చెయ్యే."

దవడ విరిగిన జింక వెంటనే చావదు. నడుస్తుంది. తినలేదు, తాగలేదు.

ఆయన కొట్టిన చోటు దారిలోనే ఉంది. ట్రైపాడ్ ఇంకా అక్కడే, వాలులో, పక్కకి ఒరిగి పడి ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదట. నేను వంగి చూశాను. వాలు కోసం ఆయన ఒక కాలి కింది భాగం కూడా లాగాడు. షాపులో నేను లాగనిది. దాని మీది గీరు చూస్తే ఆ కాలు ఆయన లాగిన చోటు నుంచి రెండు వేళ్ల మేర లోపలికి దిగింది. లెగ్ లాక్, అంటే లాగిన కాలుని బిగించే మీట, నేను చుట్టిన టేపు అంచుని కరుచుకుని పూర్తిగా మూతపడలేదు. తడిసిన టేపు జిగురు వదిలి సబ్బులా ఉంది. ఆయన ముందుకి వాలగానే కాలు లోపలికి జారింది.

ఆయన కుక్కని పిలుస్తూ ముందుకి వెళ్తున్నాడు. నేను ఆ కాలుని లోపలికి నెట్టి, ట్రైపాడ్ మడిచి, చంకలో పెట్టుకున్నాను.

"ఏమైంది?" అన్నాడు వెనక్కి తిరిగి.

"ఏం లేదు. చలి కదా, ఎవరి చెయ్యైనా వణుకుతుంది," అన్నాను.

వాన తుంపర పడుతుండగా కాలవ గట్టున బెస్ ఆగింది. ఎదురుగా ఇరవై గజాల్లో, నీళ్ల పక్కనే ఆడ జింక పడుకుని ఉంది. కింది దవడ వేలాడుతోంది. నీళ్లకి మూతి చాపుతోంది, నీళ్లు పక్కనుంచి కారిపోతున్నాయి. మమ్మల్ని చూసి లేవబోయింది, ముందు కాళ్లే లేచాయి. కాస్త దూరంలో ఆ ఏడాదే పుట్టిన దాని పిల్ల నిలబడి ఉంది, వెళ్లకుండా.

మార్టిన్ తుపాకీ తీశాడు. చెయ్యి ఎలా వణికిందంటే తుపాకీ పట్టీ కట్టు టిక్కుటిక్కుమంది. పక్కన కంచెకి పాతిన ముసలి గుంజ ఉంది. తుపాకీని దాని మీద ఆనించాడు. గుంజ కదల్లేదు. ఒక్కటే చప్పుడు. జింక తల కింద పెట్టింది.

నేను అమ్మిన వాటన్నిటికంటే స్థిరమైన ఆనుడు అది. ఎవడో ఎప్పుడో పాతిన గుంజ.

ఆయన టోపీ తీశాడు. "పారిపోయిన రోజు ఏం చేస్తానో చెప్పాగా," అన్నాడు. ఆ ట్రైపాడ్ నా కారు డిక్కీలో ఇంటికి వచ్చింది. ఎందుకు తీసుకెళ్తున్నావని ఆయన అడగలేదు.

మిగతా ఇరవై మూడింటినీ ఆ రాత్రికి ముందే షెల్ఫు మీంచి దించాను. డెక్లన్ ఎందుకని అడిగితే లాకులు సరిగా లేవన్నాను. అది నిజమే. సగం నిజాలు చెప్పడంలో కొట్టు పిల్లలకి పేరుంది. మార్టిన్‌కి ఫోన్ చేయడానికి మాత్రం ప్రతిరోజూ ఒక అడ్డు దొరికేది.

మూడు వారాల తర్వాత డెక్లన్ చెప్పాడు: "మార్టిన్ తుపాకీ గార్డుల స్టేషన్లో ఇచ్చేశాడు. సర్టిఫికెట్ కూడా వదిలేశాడు. చేతికి పట్టు పోయిందట పాపం."

ఆ పూట నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. బోణీ కోసం చేశానన్నాను, ఆయనదే తప్పన్నట్టు.

"బోణీ మనిషికి నేను ఎన్నిసార్లు అసలుకే ఇచ్చానో చూళ్లేదా అమ్మడూ? చిరుగున్న గుడ్డ ఒక్కటైనా బోణీకి ఇచ్చానా? నీకు కనబడింది వీధి చివరిదాకా నడవడమేనా?" అని ఫోన్ పెట్టేశారు.

మర్నాడు ట్రైపాడ్ పట్టుకుని మార్టిన్ ఇంటికి వెళ్లాను. వంటింటి బల్ల మీద కాలు లాగి, టేపు చూపించి, మీట వేసి, వేలితో నెట్టాను. కాలు జారింది.

"మీ చెయ్యి కాదు. ఇది. ఆ రోజే చూశాను."

ఆయన తనే ఒకసారి లాగి, నెట్టి చూశాడు. ఇంకోసారి. మూడోసారి కూడా.

"ఆ రోజే?"

"ఆ రోజే."

"మూడు వారాలు," అన్నాడు మెల్లగా. "కప్పు పట్టుకున్నప్పుడల్లా ఈ చేతిని తిట్టుకున్నాను. గొడ్డలి పెట్టి నరకబుద్ధి వేసింది."

తుపాకీ వెనక్కి తెచ్చుకోమన్నాను. గార్డులతో నేనే మాట్లాడతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాలు నీది జారింది. ట్రిగ్గర్ నేను లాగాను. కొనేముందు కాలు పూర్తిగా లాగి చూడనిది కూడా నేనే. మాట మాటే." డబ్బు బల్ల మీద పెట్టాను. ఎనభై అయిదు. ఆయన లెక్కపెట్టి, అయిదు యూరోల నోటు నా వైపు తోశాడు. "లక్ పెన్నీ అప్పుడే ఇచ్చావు." టీ ఇవ్వలేదు. ఈ దేశంలో ఇంటికి వచ్చినవాళ్లకి టీ ఇవ్వకపోవడం అంటే ఏమిటో ఇక్కడ ఉండేవాళ్లకి తెలుసు.

ఇప్పుడు మా షాపులో కౌంటర్ పక్కన ఒక చెక్క పెట్టె ఉంది. నిండా తడి బురద, ఆకులు. ట్రైపాడ్ కొనే మనిషి కాళ్లన్నీ చివరిదాకా లాగి అందులో నిలబెట్టాలి, సెంటర్ కాలమ్ ఉంటే పూర్తిగా దించాలి, ఒళ్లంతా వాల్చి తోయాలి. అయిదు నిమిషాలు. జారితే అమ్మను. మంచిది రాలేదంటే గురువారం రమ్మంటాను, మొదటి బేరమైనా సరే. బూట్ల బురద చూసి డెక్లన్ సణుగుతాడు. చీపురు నేనే పడతాను.

లెక్క ఇది. ఇరవై నాలుగు ట్రైపాడ్లు, రెండు వందల నలభై. రబ్బరు పంగలు, తొంభై ఆరు. టేపు, పది. అమ్మకం ఒకటి, వాపసు ఒకటి. మూడు వందల నలభై ఆరు యూరోలు నష్టం. అది నా జీతంలోంచి డెక్లన్‌కి కట్టాను. ఒక జింక, మంగళవారం పొద్దుటి నుంచి గురువారం సాయంత్రం దాకా. పిల్ల సంగతి తెలియదు. ఒక మనిషి నలభై ఏళ్ల మాట, ఆయన తుపాకీ. ఆ మూడు వారాలు.

రాబడి వైపు రాయడానికి ఒక్కటే ఉంది. ఆ సోమవారం బోణీ అయింది.