లండన్ పెట్టెలో మా నాన్న

ఒరిస్సా వేరే రాష్ట్రమైన మూడో ఏడు, చైత్రమాసంలో రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడు దాటి పావుగంట. గంట ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, జాతరలో మా పక్కన నిలబడ్డ పోలీసు ఒకడు చేతి గడియారం చూసుకుని, అడగకపోయినా అందరికీ వినబడేలా చెప్పాడు. గడియారం కొత్తది కాబోలు. నాకప్పుడు పన్నెండేళ్లు. అక్షరం ముక్క రాదు.

తారాతారిణి కొండ కింద జాతర అది. పురుషోత్తంపూర్ దాటి, రుషికుల్య ఒడ్డున. మాది గంజాం దగ్గర సముద్రం పక్కన చేపలు పట్టేవాళ్ల పల్లె. అక్కణ్ణుంచి బండి కట్టుకుని వచ్చాం. అందరూ పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి వస్తే మేం ఒక మనిషి బతికున్నాడా పోయాడా తేల్చుకోవడానికి వచ్చాం. ఆ మనిషి మా నాన్న.

నేను కడుపులో ఏడో నెల ఉండగా ఆయన గోపాల్‌పూర్‌లో ఓడెక్కి కలకత్తా పోయాడు. అక్కడ పెద్ద ఓడలో బొగ్గు వేసే పని దొరికిందట. మా పల్లె మనిషే ఒకడు తిరిగొచ్చి, లండన్ రేవులో దిగాడు, బాగానే ఉన్నాడు అని చెప్పాడు. అంతే. ఆ తర్వాత మాట లేదు, మనిషి లేదు. పన్నెండేళ్లు.

మాలో ఒక పద్ధతి ఉంది. పోయినవాడి కబురు పన్నెండేళ్లు తెలియకపోతే, దర్భలూ మోదుగాకులూ పేర్చి మనిషి ఆకారం చేసి, వాడే అనుకుని కాల్చేస్తారు. పిండం పెడతారు. ఆ రోజే పెళ్లాం గాజులు పగులుతాయి. వచ్చే అమావాస్యకి ఆ పని చేసేద్దామని మా పెదనాన్న అన్నాడు. ఆయన నాన్నకి అన్న, ఇంటికి పెద్ద. ఆయన చేత అనిపించింది మాత్రం మా నానమ్మ.

నానమ్మ చెడ్డది కాదు. కొడుకుని ఎవరు చంపుకుంటారు? ఆవిడ బాధ వేరు. రోజూ దీపాలు పెట్టే వేళకి కొడుకు గుమ్మంలో వచ్చి నిలబడతాడట. బట్టలు తడిసి ఉంటాయట. మాట్లాడడట, లోపలికి రాడట. ఆవిడ గుమ్మం వైపు చూస్తూ ఉండిపోతే పొయ్యి మీద అన్నం మాడిపోయేది. ఆ చూపు చూసి నేను గుమ్మంలోంచి నడవడం మానేశాను, దొడ్డిదారిన వచ్చేదాన్ని.

"ఆడు ఆకలితో ఉన్నాడే. ఆడికి ముద్ద పెట్టీవోళ్లెవులు?" అనేది నానమ్మ.

"బతికున్నోడికి పిండమెట్టీసి ఊపిరి తీసేత్తావేటత్తా?" అనేది మా అమ్మ.

ఏడాది పొడుగునా ఇదే గొడవ. చివరికి అమ్మవార్ల దగ్గర చెప్పుకుని ఆ పని చేద్దామని ఒప్పుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు, బండెక్కింది అంతే. దర్శనం అయ్యింది. మెట్లు దిగి వస్తుంటే ఒకడు డప్పు కొడుతూ కేకలేస్తున్నాడు.

"దేఖొ మావుసీ దేఖొ! లండన్ సొహొరొ దేఖొ! రాజా ఘరొ, రాణీ గుడి, అంతా సూడండి!"

రేకుపెట్టె, దానికి నాలుగు అద్దాల కన్నాలు, పైన ఎర్రగుడ్డ. లోపల బొమ్మలు పిడి తిప్పితే మారతాయి. మూడేళ్ల కిందటి వరకూ మొత్తం తెలుగులోనే అరిచేవాడట. రాష్ట్రం మారాక సగం ఒడియా చేశాడు. మేమూ అంతే కదా, మద్రాసు మనుషులుగా పడుకుని ఒరిస్సా మనుషులుగా లేచాం.

లండన్ అన్న మాట వినగానే అమ్మ ఆగిపోయింది. ఆవిడకి ప్రపంచంలో రెండే ఊళ్లు: మా పల్లె, లండన్. ఒళ్లో మూట విప్పి గుప్పెడు ఎండు నెత్తళ్లు తీసి వాడి పళ్లెంలో పోసింది.

"ఎండుచేప వాసనకి రాణీగారు పారిపోతుంది మావుసీ," అన్నాడు వాడు. తీసుకున్నాడు మాత్రం.

అమ్మా నానమ్మా పెదనాన్నా నేనూ నాలుగు కన్నాలకీ అతుక్కున్నాం.

మొదటి బొమ్మ, గుండ్రటి పెద్ద కట్టడం. అంతస్తు మీద అంతస్తు, అన్నీ కమాన్లే. ఒక పక్క సగం కూలిపోయి ఉంది, పైకప్పు లేదు.

"రాజుగారి కోట!" అన్నాడు పెట్టెవాడు.

"ఇంత రాజుకీ కప్పేయించుకోడానికి తాటాకులు దొరకనేదేటి?" అంది నానమ్మ. పోలీసు నవ్వాడు.

రెండోది, రాతి గుర్రాలు, రాతి మగాళ్లు, వాళ్ల కాళ్ల కింద నుంచి ధారలుగా నీళ్లు. మూడోది, బోర్లించిన పెద్ద గుండిగలాంటి శిఖరం ఉన్న గుడి. దాని ముందు ఖాళీ జాగా, రెండు చేతులూ చాచినట్టు రెండు వైపులా స్తంభాలు. అంత జాగాలో మా పల్లె వలలన్నీ ఆరబెట్టుకోవచ్చని పెదనాన్న అన్నాడు. నాలుగోది వంతెన.

ఆ వంతెన నాకు ఇప్పుడు కూడా కనిపిస్తోంది. రెండు వైపులా గోడల మీద రెక్కలున్న మనుషుల రాతిబొమ్మలు, అటు చివర గుండ్రటి కోట. ఎండ ఏటవాలుగా పడుతోంది. వంతెన మీద కొందరు మనుషులు, చీమతలకాయలంత.

"అత్తా," అంది అమ్మ. "అత్తా, అడుగో."

"ఎవులే?"

"ఎడం పక్క మూడో రెక్కల బొమ్మ కింద సూడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు."

మావాళ్లు సముద్రంలో చేపల గుంపు ఎక్కడ కదులుతోందో చూసేటప్పుడు ఒడ్డున ఒక తీరుగా నిలబడతారు. ఒక కాలు మీద బరువు వేసి, రెండో పాదం మోకాలికి ఆనించి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టి. దొరలు అలా నిలబడరు. మూడో రెక్కల బొమ్మ కింద ఒకడు అచ్చం అలాగే ఉన్నాడు, నీళ్ల వైపు చూస్తూ.

నానమ్మ చాలాసేపు చూసింది. పెట్టెవాడు పిడి తిప్పబోతే పెట్టెలోంచి తల తీయకుండానే చేత్తో వాడి మణికట్టు పట్టుకుంది.

"ఆడే," అంది. "నా కొడుకే. ఒలే కోడలా, మరి ఆడి నీడేదే?"

"నీడేటత్తా?"

"అందరికీ ఉంది. రాతిబొమ్మలకీ ఉంది. ఆడి కాళ్లకాడ సూడు, నీడ నేదు. సచ్చినోళ్లకే నీడుండదు. ఆకలికి ఆడ ఒక్కడూ నిలబడ్డాడు."

"ఉంది. నీకు కళ్లు కనబడవు."

"నేదు."

"ఉంది!"

పెదనాన్న మళ్లీ చూశాడు. "నాకు వంతెనే కనబడతాంది గానీ మనిసి కనబడ్డు," అన్నాడు. ఆయనకి చూపు సరిగా ఆనదు, అది ఒప్పుకోడు. నా వైపు వేలు చూపించి తీర్పు చెప్పేశాడు. "గుంట కళ్లు సురుకు. గుంట సూసి సెప్పాల. ఉంటే ఈ పని మానేద్దుం. నేకపోతే అమావాస్యకి సేసీడమే."

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నొక్కలేదు. నొక్కి ఉంటే నేను అబద్ధం చెప్పేదాన్ని.

నేను చూశాను. మా నాన్నని అంతకుముందెప్పుడూ చూసి ఎరగను. ఆ మనిషికి మొహం లేదు, పొగలా ఉన్నాడు. వెనకాల గోడ రాళ్లు ఆయనలోంచి కనిపిస్తున్నాయి. పక్కనే గొడుగు పట్టుకున్న దొరసానికి నల్లటి పొడుగు నీడ ఉంది. ఈయన కాళ్ల దగ్గర నేల తెల్లగా ఉంది.

"నేదు," అన్నాను.

మా అమ్మ చెయ్యి తీసేసింది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. పెట్టెవాడు ఆలోపే, "అయిపోయింది, అయిపోయింది, జరగండి, ఎనక జనం ఉన్నారు," అని మమ్మల్ని తోసేశాడు.

అమావాస్యనాడు రుషికుల్య సముద్రంలో కలిసే చోట, ఇసకలో మోదుగాకుల మనిషిని కాల్చారు. పచ్చి ఆకులు, మంట అంటుకోవడానికి మొండికేశాయి. నానమ్మ ఆ రోజు రెండుపూటలా కడుపునిండా తిన్నది. కొడుకు గుమ్మంలోకి రావడం మానేశాడు. ఇంకో ఆరేళ్లు బతికి సుఖంగా పోయింది.

అమ్మ బోసి చేతులతో చేపల గంప మోసింది. మాలో మారుమనువు తప్పు కాదు, ఇద్దరు వచ్చి అడిగారు కూడా. "నాకు మొగుడున్నాడు," అని పంపేసింది.

నా సంగతి. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆ రోజు నుంచి ఎవరు ఎదురొచ్చినా ముందు వాళ్ల కాళ్ల దగ్గర నేల చూస్తాను, తర్వాతే మొహం. నా పెళ్లి చూపుల్లో తలదించుకుని కూర్చున్నానని అందరూ మెచ్చుకున్నారు. సిగ్గు కాదది. ఆయన నీడ ఎక్కడ పడుతోందో వెతుక్కుంటున్నాను. మబ్బు పట్టిన రోజుల్లో ఈనాటికీ బజారుకి పోను.

నలభై దాటాక బరంపురంలో కాపురం పెట్టాం. మా వీధి చివర ఇంటి పంతులమ్మగారు మధ్యాహ్నాలు నేను చేపలమ్మి వస్తుంటే పిలిచి, అరుగు మీద అక్షరాలు నేర్పింది. "గంప ఆ వేపచెట్టు కింద పెట్టి, చేతులు కడుక్కుని రా తల్లీ," అనేది. ముక్కు మూసుకునేది గానీ చెప్పడంలో లోటు చెయ్యలేదు. ఒకరోజు పలక మీద నేను 'నేదు' అని రాస్తే కొట్టేసి 'లేదు' అని రాసింది. "మనిషి నోట్లో ఎలా వచ్చినా పుస్తకంలో ఇదీ," అంది. నేను మళ్లీ నేదు అనే రాశాను. ఆవిడకి కోపం వచ్చింది. కారణం చెప్పలేదు నేను. ఆ మాట నాకు ఒక్కలాగే వచ్చు.

ఇంకొన్నాళ్లకి ఆవిడ పిల్లలకి చెప్పే చరిత్ర పుస్తకం నా చేతికిచ్చి, బొమ్మల కింద అక్షరాలు చదవమంది. పేజీ తిప్పితే కప్పు లేని గుండ్రటి కట్టడం. ఇంకో పేజీలో రెక్కల మనుషుల వంతెన. అదే కోట, అవే కమాన్లు. కూడబలుక్కుని చదివాను. రో, ము. రోము. నగ, రము. మళ్లీ మొదట్నుంచి చదివాను. లండన్ అన్న మాట ఎక్కడా లేదు.

"ఈ రెండూ ఒక ఊరికే పేర్లా అమ్మగారూ?" అని అడిగాను.

"అయ్యో, వేరే దేశం తల్లీ. మధ్యలో కొండలు, ఇంకో దేశం, సముద్రం," అంది.

పెట్టెవాడికి అవన్నీ లండనే. మాకూ అంతే, సీమ అంటే ఒకటే ఊరు. బరంపురంలో ఫోటోలు తీసే ఒకాయన్ని నీడ సంగతి కూడా అడిగాను. పాతకాలం కెమెరా ముందు చాలాసేపు కదలకుండా ఉన్నవాడే పూర్తిగా పడతాడట. మధ్యలో వచ్చి కాస్త నిలబడి పోయినవాడు పొగలా పడతాడట, నీడ అసలు పడకపోవచ్చట. అంటే వాడెవడైనా బతికున్నవాడే. నేను అన్న ఒక్క మాట మీద గాజులు పగిలాయి.

ఆ ఆదివారమే బస్సెక్కి పల్లెకి పోయాను. అమ్మ ముసలిదైపోయింది, గుడిసె ముందు చేపలు ఆరబెడుతోంది. ముందు నీడ చూశాను, ఇసక మీద చిన్నగా ముడుచుకుని ఉంది. పుస్తకం తెరిచి చూపించి అంతా చెప్పాను. అది లండన్ కాదు, నాన్న ఉన్న ఊరు కాదు, ఆ మనిషి ఎవరో అన్నాను. నేను తప్పు చేశానేమో అని కూడా అన్నాను.

అమ్మ చేతులు తుడుచుకుని బొమ్మ దగ్గరగా పెట్టుకుంది.

"కాకపోతే ఏటి? సముద్రం ఒకటే కదే. ఓడ ఆడకీ ఎల్తాది," అంది. తర్వాత వంతెన మీద వేలు పెట్టి, "నా సూపు ఆనడం నేదు. మూడో బొమ్మ కింద సూడు. ఉన్నాడేటి?" అంది.

ఇది వేరే ఎప్పుడో తీసిన ఫోటో. వంతెన ఖాళీగా ఉంది.

"నేదమ్మా."

అమ్మ తలూపింది. మొహంలో ఏ బాధా లేదు.

"అయితే ఆడనించి బయల్దేరిపోనాడు," అంది. ఒక చేప తిరగేసింది. "కాలినడకన అయితే ఆలీసమవుద్ది."

జాతరనాడు ఆ పెట్టె దగ్గర ఉన్నవాళ్లని ఇప్పుడు రాసేస్తాను. తర్వాత అడగడానికి ఎవరూ మిగలరు. మా నానమ్మ. మా పెదనాన్న. డప్పు కొట్టిన పెట్టెవాడు. గడియారం ఉన్న పోలీసు. గొడుగు దొరసాని. మూడో రెక్కల బొమ్మ కింద ఒంటికాలి మనిషి. ఎవరో ఏమో గాని ఉన్నాడు, నేను చూశాను. మా అమ్మ. నేను.