పెన్ను దారానికి పడ్డ ముడి

నాకు కోపం ఎక్కువ. మా ఆయనకు బొత్తిగా లేదు. ఇద్దరిదీ కలిపి చెరిసగం పంచితే సరిపోయేదని సూరత్ డిండోలిలో మా గల్లీ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. కరోనా రెండో ఏడు వచ్చేసరికి ఇంట్లో నా కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

మా ఆయన ఊరొదిలి సూరత్ వచ్చింది సాంచెలు నడపడానికి. కరెంటు మగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. కరోనాకు కొన్నేళ్ల ముందు సాంచె పళ్ల చక్రాల్లో చెయ్యి పడి కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పోయాయి. ఆ తర్వాత షెడ్డు యజమాని ఏ సేఠూ ఆయన్ను సాంచె దగ్గర నిలబెట్టలేదు. షెడ్డు ఊడవడం, బట్టల బేళ్లు లెక్కపెట్టడం లాంటి పనులు చెప్పేవాళ్లు. లాక్‌డౌన్‌లో అవీ పోయాయి. నేను చీరలకు రాళ్లు అంటించేదాన్ని, మార్కెట్ మూతపడితే ఆ పనీ లేదు. నెలనెలా వచ్చే వికలాంగుల పింఛనుతోనే పొయ్యి వెలిగేది.

అంతలో పద్ధతి మారింది. పాత వికలాంగుల సర్టిఫికెట్లు చెల్లవట. అందరూ మళ్లీ డాక్టరుకు చూపించుకుని కొత్త కార్డు తీసుకోవాలట. అందులో వైకల్యం శాతం తగ్గితే పింఛను ఆగిపోతుందట. పోయిన వేళ్లు మళ్లీ మొలిచాయేమోనని చూస్తారా అని పింఛను ఆఫీసులో అడిగాను. పైనుంచి ఆర్డరు అన్నారు.

నా భయం వేళ్ల గురించి కాదు, ఆయన నోటి గురించి. సాంచెల షెడ్డులో 'నాకు రాదు' అన్నవాడికి మర్నాడు పని ఉండదు. అందుకే ఏదడిగినా "హో జాయేగా సేఠ్", అయిపోతుంది అనడం ఆయనకు అలవాటైపోయింది. ఆ మాట మాన్పించడానికి ఇంట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"గుండీలు పెట్టుకొస్తదా అంటే ఏమంటవ్?"

"జర సేపైతది గని, వస్తది."

"నీకు దండం పెడ్త. రోజూ పెట్టేది నేను గాదా? రాదు అను."

"రాదు," అన్నాడు చేదు మందు మింగినట్టు మొహం పెట్టి.

దవాఖానలో దూరం దూరంగా గీసిన సున్నాల్లో నిలబడి, ఒక్కో సున్నా జరుగుతూ లోపలికి చేరాం. గుండీలు పెట్టుకోగలవా అని డాక్టరు హిందీలో అడిగాడు. మా ఆయన నావైపు చూశాడు. నేను మాస్కు పైనుంచి గుడ్లురిమాను.

"నహీ హోతా సాబ్."

నీళ్ల బకెట్ ఎత్తగలవా అంటే అదే జవాబు. డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, పట్టు లేదని నర్సుతో అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక రాయడమే తరువాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లకు దారంతో కట్టిన పెన్ను అది. డాక్టరు లాగిన ఊపుకు దారం పుటుక్కున తెగింది.

పోగు తెగిందంటే వెంటనే అతకాలి. లేకపోతే బట్టలో గీత పడుతుంది, కూలిలో కోత పడుతుంది. సాంచెల మీద పనిచేసినవాళ్లకు తెగిన దారం కళ్లబడితే చెయ్యి ఊరుకోదు. మా ఆయన గబుక్కున వంగాడు. నేను ఆగమనేలోపే, ఉన్న మూడు వేళ్లతో ముడి వేసేశాడు. పైగా మాస్కు కిందికి లాక్కుని, మిగిలిన దారం కొస పళ్లతో కొరికేశాడు.

"లీజియే సాబ్," అని నవ్వుతూ పెన్ను చేతికిచ్చాడు.

డాక్టరు దారం లాగి చూశాడు. ముడి గట్టిగా ఉంది. ఆయన ముఖంలో అంతకుముందున్న జాలి పోయింది.

"గుండీలు పెట్టుకోలేనన్నావు కదా?"

అది చేతి అలవాటు సాబ్, ఆ ముడికి ఎవరూ కూలి ఇవ్వరు సాబ్ అని నేను అరిచాను. బయట చాలామంది ఉన్నారంటూ డాక్టరు అదే పెన్నుతో రాసేశాడు.

కొత్త కార్డులో శాతం తగ్గింది. పింఛను ఆగింది. అప్పీలు పెట్టుకున్నాం. కరోనా కేసులు పెరిగాయి, డాక్టర్లు ఇప్పుడు కూర్చోరు, ఆగమన్నారు.

కడుపు ఆగదు కదా. షెడ్లు తెరిచారు. ఊళ్లకు పోయినవాళ్లు తిరిగిరాక సేఠ్‌లు మనుషుల కోసం వెతుక్కుంటున్నారు. మేమిద్దరం పాత సేఠ్ దగ్గరికి వెళ్లాం. డాక్టరే పని చేయగలడన్నాడని చూపించడానికి మా ఆయన కొత్త కార్డు ముందు పెట్టాడు.

సేఠ్ శాతం చూడనే లేదు. కార్డు మీద వికలాంగుడన్న మాట చూశాడు. "సర్కారే ముద్ర వేసింది. రేపు నీకేమైనా అయితే నన్ను పట్టుకుంటారు," అని కార్డు వెనక్కి జరిపాడు. నేను ఎంత అరిచినా ఆ మాట మీదే నిలబడ్డాడు.

తిరిగొస్తుంటే మా ఆయన గల్లీ మలుపులో ఆగాడు.

"డాక్టరేమో చేతనైతదన్నడు. సేఠేమో కాదన్నడు. గిప్పుడు నేను పనికొస్తనా, రానా? నువ్వన్న జెప్పే."

ఎవరితోనైనా మాటకు మాట అనే నేను ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీదే ఏడ్చాను.