బాబాయి దబ్బనం

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. రైతుకు కావలసినదంతా ప్రభుత్వం ఎప్పుడో ఆలోచించి పెట్టేసిందనీ, నేను వెళ్ళి కాసేపు మాట్లాడితే మిగతా పని అయిపోతుందనీ. డ్రిప్పు పథకంలో కొత్త ఉద్యోగం, కొత్త స్కూటీ. చందర్లపాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ నా రాజ్యమే. తీరా చూస్తే, పైపులు రాయితీ మీద ఇస్తామన్నా మా ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. కరెంటు ఉచితం, మోటారు వేసి వదిలేస్తే కాలవ నిండుతుంది, ఇక ఈ చుక్కల గొడవ ఎవరికి కావాలి? బోర్లలో నీళ్ళు మాత్రం ఏటేటా లోతుకు పోతున్నాయి. చివరికి మొహమాటానికి దొరికింది మా బాబాయి ఒక్కడే. ఆయన మిరప చేలో డ్రిప్పు నెగ్గితే ఊరంతా వేయించుకుంటుంది, లేకపోతే మళ్ళీ నన్ను ఆ మాటే ఎత్తనివ్వరు. పైగా బాబాయి ఇల్లు గడవాల్సింది ఆ మిరప మీదే.

పైపులు పరిచిన రోజు బాబాయి గట్టు మీద చతికిలబడి, బొట్టు బొట్టుగా పడుతున్న నీళ్ళ వంక చాలాసేపు చూశాడు.

"ఇదేంటే అమ్మాయ్, పసిపిల్లకి ఉగ్గు పోసినట్టు? పాదం మునక్కుండా తడి పెట్టటం నేనెక్కడా చూళ్ళా."

"నీళ్ళు తాగాల్సింది మొక్క బాబాయ్, నీ పాదం కాదు."

"మరి మొక్క తాగిందని నాకెట్టా తెలుసుద్దే?"

(అదీ అసలు సంగతి. మావాళ్ళకు తడి పెట్టడమంటే కాలవ గలగలా పారాలి, కాలికి బురద అంటాలి. లేకపోతే పైరును పస్తు పడుకోబెట్టినట్టే.) నేను చార్టు విప్పి, మొక్క వేళ్ళ బొమ్మ చూపించి, అరగంట ఉపన్యాసం ఇచ్చాను. బాబాయి బుద్ధిగా తలూపాడు. ఆ తలూపుడు చూసే అనుమానపడాల్సింది.

తర్వాతి ఆదివారం ప్రదర్శన పెట్టాం. మా పై అధికారి వచ్చారు, రైతులు వచ్చారు, ప్రార్థన కాగానే పాస్టరుగారూ వచ్చారు. నేను ప్రతి చుక్కా ఎంత విలువైనదో చెప్పి, ఠీవిగా బాబాయి వైపు చెయ్యి ఊపాను. ఆయన మోటారు వేశాడు. అంతే, చేను నిండా పైపుల్లోంచి నీళ్ళు బుస్సున పైకి లేచాయి. సారు కళ్ళద్దాలు తడిశాయి, పాస్టరుగారి తెల్లచొక్కా తడిసింది, నా చార్టు మీద వేళ్ళన్నీ కారిపోయాయి. బాబాయి ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"చూడండి సార్, నీళ్ళంటే ఇవండీ! పైపులకి బెజ్జాలు సరిగ్గా పెట్టలేదండి. మిరప బస్తాలు కుట్టే దబ్బనంతో మొత్తం నేనే పొడిచా."

రైతులు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. సారు అద్దాలు తుడుచుకుంటూ, "పైపులు చుట్టేసి పంపించెయ్యమ్మా" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే మొండితనమూ వచ్చింది. పంట ఇంటికొచ్చేదాకా ఆగమని సారును బతిమాలి ఒప్పించాను. మర్నాటి నుంచి నేనూ పిన్నీ నడుములు విరిగేలా వంగి, చిన్న ప్లాస్టిక్ బిరడాలతో ఆ బెజ్జాలన్నీ మూశాం. (మూస్తున్నంతసేపూ పిన్ని బాబాయిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.) దబ్బనం పిన్ని బీరువాలోకి చేరింది. బాబాయితో ఒప్పందం చేసుకున్నాను, సగం చేను ఆయన కాలవకు, సగం నా చుక్కలకు. ఆయన సగంలోని పైపులు చుట్టి గట్టున పెట్టాం.

ఎండలు ముదిరేసరికి బోరు దగ్గడం మొదలుపెట్టింది. కాలవ నీళ్ళు సగం దూరం పోకుండానే ఇంకిపోయేవి. ఆ వైపు మిరప తల వాల్చేసింది, చుక్కల వైపు పచ్చగా నిలబడింది. ఓ పొద్దున నేను వెళ్ళేసరికి గట్టు మీది పైపులు బాబాయి తనే లాక్కొస్తున్నాడు.

"చూస్తా నిలబడ్డావేంటే, ఆ కొస పట్టు."

మరుసటి ఏడు పైపులు వేయించుకున్న ప్రతివాడికీ ఆయనే పాఠం చెప్పాడు, "దబ్బనం దగ్గరికి రానీబాకండ్రా" అంటూ.

ఇప్పుడు నందిగామలో మా డాబా మీద కుండీలకు కూడా డ్రిప్పే పెట్టాను. మొన్న బాబాయి వచ్చాడు. పొద్దున్నే నేను మొక్కల దగ్గరుంటే వెనక నుంచి దగ్గు వినిపించింది. కుండీల్లో చుక్కలు పడుతూనే ఉన్నాయి. నేను మాత్రం మగ్గు పట్టుకుని కరివేపాకు మొక్కకు ఇంకాసిని నీళ్ళు పోస్తున్నాను, పాపం దానికి చాలాయో లేదో అని.

"దబ్బనం తెచ్చియ్యనా అమ్మాయ్?" అన్నాడు బాబాయి.

మగ్గు కింద పెట్టేశాను. ఆనాటి స్కూటీ పిల్ల చూసి ఉంటే, నాకూ అరగంట చార్టు చూపించేది.