చేతికట్టు

ఖల్లికోటలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న ఆ అమ్మాయికి ఒక్క క్షణం కుదురు లేదు. చేతికి పొడవాటి గుడ్డ పట్టీ చుట్టుకోవడం, విప్పేయడం, లేచి తలుపు దాకా వెళ్లి రావడం. హుమ్మ స్టేషన్ దగ్గర ఉప్పుమడులు కనిపించేసరికి నాకే విసుగేసింది.

"దెబ్బ తగిలిందేటమ్మా?"

"నేదండీ, బాక్సింగు. సాయంత్రం బరంపురంలో పోటీ. స్టేట్ ఛాంపియన్ని గానీ, కట్టు కట్టుకోడం రాదు. ఎప్పుడూ మా కోచ్ సారే కట్టీవోరు. ఆయన పోయాక ఆడినవన్నీ ఓడిపోనాను."

చెయ్యి నా ముందుకు చాపింది. తోచినట్టు చుట్టి, "బిగుతుగా ఉందేటి?" అన్నాను.

"సారు అలగడిగీవోరు కాదు. కడతా కడతా 'బయమేస్తందేటే?' అనీవోరు. నేదు సార్ అనేసి రింగులోకి ఎల్లిపోయీదాన్ని."

బరంపురంలో ఆమె సంచి భుజాన వేసుకుంటుంటే, ఎందుకో నోరు జారి అడిగేశాను.

"బయమేస్తందేటమ్మా?"

ఆగింది. "ఏస్తందండీ. అప్పుడూ ఏసీది. సారుకే సెప్పనేదు."

నేను కట్టిన కట్టు విప్పకుండానే దిగిపోయింది. అది వదులుగా కట్టానేమోనన్న బెంగ నాకు ఇప్పటికీ తీరలేదు.