చిలక నిలబడ్డ చోటు

కాలేజీలో అందరూ ఆమెను కర్ర అనేవారు. పొద్దున్నే మైదానంలో సైనిక శిక్షణ, అది కాగానే బూట్లతోనే అర్థశాస్త్రం క్లాసు. కూర్చునే కునుకు తీసేది గానీ వెన్ను మాత్రం వంగేది కాదు. "చూసి నేర్చుకోండర్రా, నిద్రలో కూడా అటెన్షనే!" అని లెక్చరర్ వెక్కిరిస్తే క్లాసంతా గొల్లుమనేది.

తల్లి దర్జీ. కూతురి యూనిఫామ్ ఇస్త్రీ చేస్తూ, "ఈ భుజాల మీద ఆఫీసరు నక్షత్రాలు నేనే కుడతా. ఇంకెవరి చెయ్యీ పడనివ్వను" అనేది. డిగ్రీ చివరి ఏడు జరిగే పరేడులో నెగ్గితేనే ఆ నక్షత్రాలు. తప్పితే రెండో అవకాశం లేదు.

వరుసలో కర్రది ఎడమ కొస. ఆమెకు కుడిపక్కన చిలక. మాట ఆపితే ఊపిరాడదన్నట్టు వాగేది కాబట్టి ఆ పేరు. "ఒసే కర్రా, పౌడరు కారి నీకు తెల్లమీసాలొచ్చాయే" అని పెదవి కదపకుండా అనేది. నవ్వాపుకోలేక కర్ర తిట్లు తినేది.

వానాకాలంలో తాడు పట్టుకుని ఏరు దాటే శిక్షణ పెట్టారు. చిలక చెయ్యి జారింది. మర్నాడు దిగువన, రెల్లుపొదల్లో దొరికింది.

కొన్నాళ్ళకు మళ్ళీ పరేడు మొదలైంది. "కుడికి సర్దుకో" అనగానే ఎవరికి వారు కుడిచెయ్యి చాచి, పిడికిలి పక్కవాళ్ళ భుజానికి ఆనించి, అంత ఎడంలో నిలబడాలి. కర్ర చెయ్యి చాచింది. పిడికిలికి భుజం తగిలింది. ఆగిపోయింది.

"ఏమ్మా కర్రా, ఎద్దు పట్టేంత సందు వదిలావు. ఎవరికోసం?" డ్రిల్ మాస్టారు కేక వేశాడు.

ఆమె కళ్ళు కుడివైపే ఉన్నాయి. పక్కన ఎవరూ లేరు. చిలకకు అవతల నిలబడే జడల పిల్ల అల్లంత దూరాన ఉంది. కానీ పిడికిలి కింద తడిసిన గుడ్డ, గుడ్డ కింద చల్లటి ఎముక.

రోజూ అదే తంతు. ఇంటికెళితే తల్లి చొక్కా తిరగేసి చూసేది. "చొక్కా అంతా ఎండి గలగల్లాడుతుంటే ఈ కుడి కఫ్ ఒక్కటే తడేమిటే? ఏటి వాసన కూడానూ!"

కర్ర చొక్కా లాక్కుని తీగ మీద ఆరేసేది.

చివరికి మాస్టారు పక్కకు పిలిచాడు. "నీ బాధ నాకు తెలుసమ్మా. పరీక్షకొచ్చే అధికారికి తెలీదు. వరుసలో సందు కనబడితే నిన్ను తీసేస్తాడు."

"చెయ్యి ముందుకెళ్ళడం లేదండీ మాస్టారూ. అక్కడ... అడ్డముందండీ."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "ఎలాగో ఒకలా సర్దుకో తల్లీ" అన్నాడు.

పరేడు నాడు మంచు దట్టంగా పట్టింది. కొత్త అధికారి కుడి కొస నుంచి ఒక్కొక్కరినే చూస్తూ వస్తున్నాడు. మంచులో మనిషి కనబడలేదు, బూట్ల చప్పుడే దగ్గరవుతోంది. కర్ర పిడికిలి కింద అదే భుజం.

పెదవి కదపకుండా అంది: "చిలకా, జరగవే. నీకు దణ్ణం పెడతా. మా అమ్మ సూదిలో దారం ఎక్కించుకుని కూర్చుందే."

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆ భుజం నిట్టూర్చినట్టు కిందికి దిగి, పిడికిలి కింద నుంచి తప్పుకుంది. కర్ర చిన్న చిన్న అడుగులతో కుడికి జరిగింది. జడల పిల్ల భుజం వెచ్చగా తగిలింది.

అధికారి ఎడమ కొసకొచ్చి ఆగి, వరుస వెంట ఒకసారి పరికించాడు. "బాగుంది. గీత గీసినట్టుంది" అన్నాడు.

నెగ్గింది. సంతోషం రాలేదు. పొమ్మన్నది తనే. పోయింది.

"రైట్ టర్న్!" అరిచాడు మాస్టారు.

అందరూ కుడికి తిరిగారు. బూట్లన్నీ ఒక్క దెబ్బగా నేలను తాకాయి. ఎడమ కొసనున్న కర్ర ఇప్పుడు అందరికన్నా వెనక. ఆమె వెనక మంచు తప్ప మరేమీ లేదు.

ఆ మంచులో, ఒక్క క్షణం ఆలస్యంగా, ఇంకో బూటు పడింది.

మాస్టారు అటు చూశాడు. చాలాసేపే చూశాడు. "ఆఖర్న ఉన్నవాళ్ళు అడుగు కలపాలి" అన్నాడు. ఆ మాట కేకలా రాలేదు.

కదలమన్నాడు. కర్ర వెనక్కి తిరగలేదు. వెనకున్న అడుగుకు అందేలా, తన అడుగు కాస్త చిన్నది చేసుకుంది.